యాభై ఒక్క ఇంచుల గల్లీ

నేను రిటైరైన రెండో వానాకాలంలో మా ఇంటి వెనక గడ్డి నా నెత్తి దాటి పెరిగింది.

మా తాత మాదన్నపేటలో బర్రెలు కట్టి పాలు అమ్మేవాడు. ఇంటి వెనక ఎకరానికి కొంచెం పైగా ఉన్న జాగా ఆయనదే. సగం కొట్టం, సగం బర్రెల కోసం నాటిన గడ్డి. మా నాయన కాలంలో బర్రెలు తగ్గాయి, నా కాలానికి ఒక్కటీ మిగల్లేదు. నేను సిటీ బస్సు డ్రైవర్నయ్యాను. కొట్టం కూలిపోయింది, గడ్డి మాత్రం పోలేదు. ఈలోగా ఆ జాగాకు నాలుగు పక్కలా ఇళ్లు లేచాయి. అక్కడికి వెళ్లడానికి మా ఇంటి పక్క గల్లీ ఒక్కటే దారి. ఒకప్పుడు రెండు బర్రెలు పక్కపక్కన నడిచిన గల్లీ అది. అవతలి వరసవాళ్లు ఒకరు మెట్టు, ఒకరు పైపు, ఒకరు గోడ ముందుకు జరుపుకుంటూ వచ్చారు.

అమ్ముదామని చూడకపోలేదు. కొనడానికి వచ్చినవాళ్లు గల్లీ మొదట్లో నిలబడి, రెండు చేతులూ చాపబోయి, మోచేతులు వంచుకుని రెండు గోడలనూ ముట్టుకుని చూసేవాళ్లు. తర్వాత చాయ్ తాగి వెళ్లిపోయేవాళ్లు. లారీ పోని చోట ఇల్లెట్లా కడతారు? ఆ జాగా మా చేతిలో ఇరుక్కుంది, మేం దాని చేతిలో ఇరుక్కున్నాం.

నా సంగతీ అంతే. ముప్పై ఒక్క ఏళ్లు క్లచ్ తొక్కిన ఎడమ మోకాలు రిటైరైన ఆర్నెల్లకు మొరాయించింది. నడుస్తూ నడుస్తూ ఉంటే సగం వంగిన చోట పట్టేసేది. ఒక్కోసారి అర నిమిషంలో వదిలేది, ఒక్కోసారి గంటకు గానీ వదిలేది కాదు. డాక్టరు ఆపరేషన్ అన్నాడు. నేను చూద్దామన్నాను. అప్పట్నుంచి డాబా ఎక్కడం మానేశాను, బజారుకు పోవడం మానేశాను. ముందు గదిలో కుర్చీ, వెనక గదిలో మంచం, మధ్యలో పదకొండు అడుగులు. లెక్కపెట్టి మరీ నడిచేవాణ్ని.

మా ఆవిడ లక్క గాజులకు రాళ్లు అతుకుతుంది. లాడ్ బజార్ దుకాణం వాళ్లు గాజులు పంపుతారు, ఆమె వెనక కిటికీ దగ్గర కూర్చుని చిమటతో ఒక్కో రాయీ పెడుతుంది. ఆ పనికి వెలుతురు కావాలి. గడ్డి పెరిగాక దోమలు, దోమల తర్వాత పాములు వచ్చాయి. కిటికీ మూసేసి లైటు కింద పని చేసుకోవడం మొదలుపెట్టింది. పగలు పదకొండు గంటలకు కూడా మా ఇంట్లో లైటు వెలిగేది.

కూలీలను పెట్టి కోయించాం. కొడవళ్లతో ఒక కొస కోసేసరికి ఇంకో కొస లేచేది. వాళ్లలో ఒకతని కాళ్ల మధ్యనుంచి పాము పోయింది. మర్నాటి నుంచి ఎవరూ రాలేదు. భుజానికి తగిలించుకుని తిప్పే మిషన్ తెచ్చుకున్నాను. అది తిప్పితే చేతులకన్నా ముందు నా మోకాలు వణికింది. ఒక పొద్దున వెనక ఇంట్లో స్నానాల గదిలోకి పాము దూరింది. ఆ ఇంటి పెద్దమనిషి మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"నీ జంగల్ల నువ్వుండు భాయ్. మమ్మల్ని గూడ అండ్లనే ఉండుమంటే ఎట్ల?" అన్నాడు.

ఆయన అరవలేదు. అరిచి ఉంటే నేనూ అరిచేవాణ్ని.

ఆ సాయంత్రమే మా పాత డిపో మెకానిక్‌కు ఫోన్ చేశాను. నాకన్నా ఆరేళ్లు చిన్న. ముందే ఉద్యోగం వదిలేసి పురానాపూల్ అవతల చిన్న షెడ్డు పెట్టుకున్నాడు. నా బస్సు గేర్‌బాక్స్‌ను అతను ఎన్నిసార్లు విప్పాడో ఇద్దరికీ లెక్క లేదు.

"మినీ ట్రాక్టర్ తీస్కో అన్నా. ఎన్క గడ్డి కోసే మిషన్ తగిలిస్తే రెండు గంటల పని" అన్నాడు. ఆగి మళ్లీ అన్నాడు. "గని గేర్లది వద్దు. పెడల్ది తీస్కో."

"పెడల్దంటే?"

"క్లచ్ తొక్కే పనుండదు. ఆయిల్ ప్రెషర్‌తోని నడుస్తది. కుడికాలు కింద ఒకటే పెడల్. ముందుకు ఒత్తితె ముందుకు పోతది, మడిమెతోని ఒత్తితె ఎన్కకొస్తది. హైడ్రోస్టాటిక్ అంటరు. నీ ఎడమ కాలు ఊకె పెట్టుకోని కూసోవచ్చు."

ఊకె పెట్టుకుని కూర్చోవచ్చు అన్న మాట నాకు నచ్చలేదు.

వారం తర్వాత ఇద్దరం కలిసి షోరూంకు వెళ్లాం. రెండు రకాలూ ఉన్నాయి. పెడల్ది ముందు ఎక్కించాడు. ఒత్తగానే చప్పుడు లేకుండా కదిలింది. మడమ ఆనిస్తే వెనక్కి వచ్చింది. కుట్టుమిషన్ తొక్కుతున్నట్టనిపించింది. నా ఎడమ కాలు అలవాటుగా లేచి, కింద ఏమీ దొరక్క, మళ్లీ పలక మీదికి దిగింది. బండి నడిపినంతసేపూ అది అట్లా లేస్తూ దిగుతూనే ఉంది. నాకు సిగ్గేసింది.

తర్వాత గేర్లది ఎక్కాను. క్లచ్ తొక్కాను, గేరు పడింది, చప్పుడు అరచేతిలోకి వచ్చింది. ఆ రోజు మోకాలు ఏమీ అనలేదు. షోరూం ఆవరణలో నాలుగు చుట్లు కొట్టాను. రెండేళ్లలో మొదటిసారి నేను నేనుగా ఉన్నట్టనిపించింది.

"ఇదే" అన్నాను.

మెకానిక్ నా మొహం చూశాడు. "అన్నా, గడ్డి కోసుడంటే రోడ్డు మీద పోవుడు గాదు. అడుగడుగుకు ఆపాలె, ఎన్కకు తియ్యాలె, తిప్పాలె. గంటల రెండు వందలసార్లు క్లచ్ తొక్కుతవ్. గిదాన్ల క్లచ్ పూరా తొక్కితె ఎన్క బ్లేడు గూడ ఆగిపోతది. మల్ల అది అందుకునేదాంక ఆగాలె. పెడల్దాన్ల గా లొల్లే లేదు. బండి ఆగినా బ్లేడు తిరుగుతనే ఉంటది."

"పెడల్దానికి పార్టులు దొరుకుతయా?"

"దొరుకుతయి, జర టైం పడ్తది."

"జోరు తక్కువుంటదంట గదా?"

"ఉంటది. నువ్వేమన్న దుక్కి దున్నుతున్నవా?"

అతని మాటల్లో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. అయినా గేర్లదే అన్నాను.

మిగిలింది కోసే మిషన్ సైజు. మూడున్నర అడుగులది, నాలుగు అడుగులది, ఐదు అడుగులది ఉన్నాయి. మా ఆవిడ అంతకుముందే టేపు నా చేతిలో పెట్టి గల్లీ కొలవమంది. అన్నిటికన్నా ఇరుకైన చోటు గల్లీ మధ్యలో, అందరం ఆపా అని పిలిచే పక్కింటావిడ స్నానాల గది గోడ దగ్గర. అక్కడ యాభై ఒక్క ఇంచులు. నాలుగు అడుగులంటే నలభై ఎనిమిది, మూడు ఇంచులు మిగులుతాయి.

"మూడు ఇంచులంటె అటు ఒకటిన్నర, ఇటు ఒకటిన్నర. చిన్నది తీస్కోరాదు?" అంది ఆమె.

"చిన్నదైతే ఎక్కువ చుట్లు కొట్టాలె. బేగంబజార్ల దీపావళి ముందురోజు బస్సు తీసినోణ్ని. మూడు ఇంచులు నాకు మైదానమే" అన్నాను.

ఆమె గాజుల వైపు తిరిగింది. చిమటతో రాయి తీసి గాజు మీద పెట్టింది.

బండి వచ్చిన రోజు పొద్దున తొమ్మిదయింది. చిన్న లారీలోంచి వీధిలో దించారు. వెనక మిషన్ తగిలించే ఉంది. మెకానిక్ కూడా వచ్చాడు. గల్లీ మొదట్లో చుట్టుపక్కల వాళ్లు పది మంది పోగయ్యారు.

"నేను తోల్త అన్నా. మిషన్ ఇప్పేసి బండి ముందు లోపల పెడ్దాం, తర్వాత మిషన్ దెద్దాం" అన్నాడు మెకానిక్.

"ముప్పై ఒక్క ఏళ్లు తోలిన. పక్కకు జరుగు."

ట్రాక్టరు ముందు భాగం సులువుగా దూరింది. బండి వెడల్పు మూడడుగులు దాటి రెండించులే. మొదటి గేరులో, నడిచే వేగంకన్నా తక్కువ వేగంతో, రెండు గోడలనూ చూసుకుంటూ పోయాను. మా ఇంటి గోడ కుడివైపు, ఆపా గోడ ఎడమవైపు. ఆమె స్నానాల గది దాటాను. వంటగది కిటికీ నా భుజం దగ్గరికొచ్చింది. అప్పుడు వెనక నుంచి సున్నం గీరుకున్న చప్పుడు వచ్చింది. ఆగాల్సింది. ఒక్క అడుగు పోతే గోడ దాటిపోతుందని యాక్సిలరేటర్ నొక్కాను. బండి ముందుకు గుంజి, గట్టిగా పట్టేసి, ఇంజిన్ ఆగిపోయింది.

నేను కొలిచింది గల్లీ. మిషన్‌ను కొలవలేదు. నాలుగు అడుగులన్నది అది గడ్డి కోసే వెడల్పు. దాని ఇనప డొక్క ఆ పైన ఐదు ఇంచులు ఎక్కువ. ఆ సంగతి షోరూంలో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

"రివర్స్ తియ్యన్నా" అని వెనక నుంచి మెకానిక్ అరిచాడు.

క్లచ్ తొక్కాను. సగం పోయిన చోట మోకాలు పట్టేసింది.

రెండు చేతులతో కాలు పట్టుకుని లేపబోయాను. నడుం దాకా నొప్పి పాకింది. కాలు ముందుకూ పోలేదు, వెనక్కూ రాలేదు. పెడల్ మీద పాదం, స్టీరింగ్ కింద వంగిన మోకాలు. దిగుదామంటే రెండు పక్కలా ఆరేడు ఇంచుల సందు. ముందు నుంచి బానెట్ ఎక్కి దిగాలి, లేదా వెనక మిషన్ మీదుగా పాకాలి. రెండు కాళ్లున్న మనిషి చేసే పనులవి.

"ఏమైందన్నా?"

"కాలు పట్టేసింది."

వెనక ఎవరో నవ్వారు, ఇంకెవరో వాళ్లను కసిరారు. మా ఆవిడ గొంతు వినిపించింది. "నువ్వు కదలకు. కదిలితె ఇంక పడ్తది. ఊపిరి తీస్కో." ఆమెను చూడాలంటే మెడ పూర్తిగా తిప్పాలి, అదీ తిరగలేదు. నాకు ఎదురుగా గల్లీ కొస, దాని తర్వాత గోడలాగా పచ్చగా గడ్డి. పైన సన్నగా ఆకాశం, దాన్ని అడ్డంగా కోస్తూ రెండు కేబుల్ వైర్లు. బానెట్ వేడి మొహానికి కొడుతోంది.

బస్సు క్యాబిన్ గుర్తుకొచ్చింది. ఊరేగింపుల్లో చార్మినార్ దగ్గర గంటలు గంటలు ఆగిపోయేవాణ్ని. ఇంజిన్ సెగ, వెనక అరుపులు, దిగే వీల్లేదు. అప్పుడనుకునేవాణ్ని, ఒక రోజు ఈ సీటు మీంచి దిగుతాను, మళ్లీ ఎక్కను అని. దిగాను. దిగి ఎక్కడికి పోయాను? పదకొండు అడుగులు. ఇప్పుడు నా అంతట నేనే పట్టుబట్టి ఇంకో సీటు కొనుక్కుని, సొంత ఇంటి గోడ పక్కన ఇరుక్కున్నాను. కళ్లలో నీళ్లొచ్చాయి. ఎవరికీ కనబడదని తుడుచుకోలేదు.

అప్పుడు నా ఎడమ భుజం దగ్గర కిటికీ తెరుచుకుంది. ఊచల వెనక ఆపా మొహం.

ఆమెకూ నాకూ పద్నాలుగేళ్లుగా మాటల్లేవు. ఆ స్నానాల గది గోడను అడుగున్నర ముందుకు జరిపినప్పుడు, నేను పొద్దుటి డ్యూటీకి పోతూ ఆమె తమ్ముడి మీద నోటికొచ్చినట్టు అరిచి పోయాను. తిరిగొచ్చేసరికి గోడ నిలబడి ఉంది. ఆమె మొగుడు ఇళ్లకు సున్నాలు వేసేవాడు, పరంజా మీంచి పడి మంచం పట్టాడని తెలుసు. నేను ఒకసారి కూడా పోయి చూడలేదు.

ఆమె నా మొహం చూసింది, కాలు చూసింది. కిటికీలోంచి మాయమై ఓ గ్లాసు చాయ్‌తో వచ్చింది. ఊచల మధ్యనుంచి అందించింది.

"పట్టు భాయ్. వేడుంది" అంది. మార్కెట్లో కూరగాయలు బేరమాడి నేర్చుకున్న తెలుగు ఆమెది.

"షుక్రియా ఆపా."

"మోకాలా?"

"ఆఁ. మస్తు రోజులైంది."

"ఆపరేషన్?"

"భయమైతది."

ఆ మాట అంతవరకూ మా ఆవిడతో కూడా అనలేదు. ఆపా తలూపింది, నవ్వలేదు.

వెనక మెకానిక్ ఇంకో ఇద్దరితో కలిసి మిషన్‌ను బండికి తగిలించిన పిన్నులు తీసే పనిలో పడ్డాడు. రెండు గోడల మధ్య బిగుసుకున్న ఇనుము పిన్నులను వదలడం లేదు. సుత్తి దెబ్బ పడ్డప్పుడల్లా సీటు అదిరి మోకాల్లో సూది దిగేది. పళ్లు కరుచుకుని ఆమె గోడ వైపు చూశాను.

"ఈ గోడ..." అన్నాను.

"మా ఆయన కుర్సీ తిరగలేదు భాయ్" అంది ఆపా. "పాత స్నానాల గదిల కాళ్లు మంచిగున్న మనిషి తిరుగుతడు. చక్రాల కుర్సీ తిరగలే. రోజూ నేనే ఎత్తుకొని పోవాలె. నా నడుం పోయింది. అప్పుడు జరిపినం. నీకు చెప్పాలనుకున్న. నువ్వు మస్తు గుస్సల ఉంటివి."

గ్లాసులో మిగిలిన చాయ్ తాగేశాను. గోడకు ఆ మనిషితో సంబంధం ఉంటుందని నాకెప్పుడూ తట్టలేదు.

"నువ్వు బయటికి పోతవా ఆపా?" అని అడిగాను.

"శుక్రవారం మా తమ్ముడొస్తే మార్కెట్‌దాంక పోత. గంటసేపు" అంది. ఖాళీ గ్లాసు కోసం చెయ్యి చాపింది. "ఇంకో చాయ్?"

రెండో చాయ్ కూడా తాగాను. పిన్నులు ఊడేసరికి గంటన్నర పట్టింది. మిషన్ ధడేలున నేల మీద పడింది. మెకానిక్ మిషన్ మీదుగా ఎక్కి నా వెనక నిలబడి, నా భుజం మీదుగా వంగి గేర్ కడ్డీని ఊపి ఊపి న్యూట్రల్‌లోకి లాగాడు. ఆరుగురు మిషన్ దాటొచ్చి ట్రాక్టరును వెనక నుంచి తోశారు. స్టీరింగ్ పట్టుకుని, ఒక కాలు ముడుచుకుని, పెళ్లికొడుకు గుర్రం మీద పోయినట్టు మెల్లగా గడ్డిలోకి పోయాను. అక్కడ నలుగురు చంకల్లో చేతులు వేసి దించారు. నేల మీద పడుకోబెట్టాక మోకాలు దానంతటదే టక్కున వదిలింది.

మా ఆవిడ పక్కన కూర్చుని పిక్క నొక్కుతోంది. తిడుతుందనుకున్నాను.

"పోదామా దవాఖానకు?" అంది.

"పోదాం" అన్నాను.

గీతలు పడ్డ మిషన్ వాపసు తీసుకోనని షోరూం వాళ్లు మొండికేశారు. కోసే వెడల్పు చెప్పి బయటి కొలత చెప్పకపోవడం ఎవరి తప్పని మెకానిక్ వాళ్లతో అరగంట కొట్లాడాడు. చివరికి బండి, మిషన్ రెండూ మార్చడానికి ఒప్పుకున్నారు. ఈసారి మిషన్ల పక్కన నేనే వంగి, టేపుతో ఈ అంచు నుంచి ఆ అంచు దాకా కొలిచాను. మూడున్నర అడుగులది, బయటి కొలత నలభై ఏడు. పెడల్ బండి రావడానికి నెలన్నర పడుతుందన్నారు. ఆ నెలన్నరలో నా ఆపరేషన్ అయింది.

బండి వచ్చిననాటికి నేను ఇంకా చేతికర్రతో నడుస్తున్నాను. మెకానిక్ దాన్ని లోపలికి తోలి, రెండు రోజులు కూర్చుని గడ్డంతా ఒకసారి నేలకు దించాడు. పాల కొట్టాలవాళ్లు వచ్చి లేతదంతా మోపులు కట్టుకుని పోయారు. జాగా నేను చిన్నప్పుడు చూసినంత పెద్దగా లేదు. నాలుగు గోడలూ దగ్గరగా కనిపించాయి.

ఒక శుక్రవారం ఆపా తమ్ముడు ఆమె మొగుణ్ని చక్రాల కుర్చీలో గల్లీ వెంట తోసుకుంటూ తెచ్చాడు. ఆయన కోసిన గడ్డి మధ్య అరగంట కూర్చున్నాడు. పక్కన కుర్చీ వేసుకుని నేనూ కూర్చున్నాను. పద్నాలుగేళ్ల కిందటి అరుపులకు క్షమాపణ చెప్పాలని మాటలు కూర్చుకున్నాను. ఆయన నా కర్ర వైపు చూసి, "ఎన్ని రోజులంట?" అని అడిగాడు. మూడు నెలలన్నాను. "మూడు నెలలంటె దగ్గరే" అన్నాడు. నేను అనుకున్న మాట అనలేకపోయాను. తర్వాత ఇంకోసారి వచ్చాడు. వానలు పడి నేల మెత్తబడ్డాక కుర్చీ చక్రాలు దిగబడుతున్నాయని తేవడం మానేశారు.

కోసిన గడ్డి రెండు వారాలకే మళ్లీ చీలమండ దాటింది. నాకింకా బండి ఎక్కే అనుమతి లేదు. మెకానిక్‌ను పదే పదే పిలవలేం. ఒక పొద్దున మా ఆవిడ గాజుల పళ్లెం పక్కన పెట్టి లేచింది.

"బండి తాళం ఎక్కడుంది?"

"నీకు సైకిల్ గూడ రాదు గదనే."

"ఒకటే పెడల్ అన్నరు గద" అంది.

చీర కుచ్చెళ్లు ఎగదోపి ఎక్కింది. నేను కర్ర పట్టుకుని పక్కన నిలబడి చెప్పాను, ముందుకు ఒత్తితే ముందుకు, మడమతో ఒత్తితే వెనక్కి, బ్లేడు మీట ఇది. ఆమె ఒత్తింది. బండి ఒక్కసారి గెంతి ఆగింది. మళ్లీ ఒత్తింది. ఈసారి మెత్తగా పోయింది. గోడ దాకా పోయి, ఆగి, వెనక్కి వచ్చి, తిరిగింది. బ్లేడు వేసింది. పచ్చి వాసన లేచింది.

"మెల్లగ" అని అరిచాను.

ఇంజిన్ చప్పుడులో ఆమెకు వినపడలేదు. రెండో వరస మొదలుపెట్టి, మొదటి వరస అంచు తప్పకుండా కోసుకుంటూ గోడ వైపు పోతోంది.